మలేషియా కాఫీ అంగడిలో ఉదయపు ఫలహారము

గత మాసమున ఈ శీర్షికలో మేము చద్దియన్నమును గూర్చియు జొన్నయంబలిని గూర్చియు వ్రాసియుంటిమి. దానిని చదివిన సోదరీమణులు కొందఱు మాకు జాబులు వ్రాసిరి. "చద్ది మేలే కాని, మేము దానిని నోటబెట్టుకొనునప్పటికి పగలు పదిగంటలు దాటుచున్నది. పరదేశములలోని యాడువారు ఉదయమున నేమి తిందురు? ఎప్పుడు తిందురు?" అని యొక సోదరి యడిగినది. ఏమి తిందురను ప్రశ్నకు ఉత్తరము సులభము. ఎప్పుడు తిందురను ప్రశ్న మమ్ము చాల దినములు ఆలోచింపజేసినది. మేమెఱిగిన పరదేశము మలేషియా యొక్కటే. కావున అచ్చటి కాఫీ అంగడిని ఆధారముగా గొని ఈ మాసపు ముచ్చట వ్రాయుచున్నాము.

మా వారు ఉపాధ్యాయులు. వేసవి సెలవులే మా యింట ప్రయాణకాలము. మా ఆడబిడ్డ పెనిమిటికి మలేషియాలోని ఈపో పట్టణమున ఉద్యోగమగుటచే ఒక వేసవిలో మేము అచ్చట మూడు వారములుంటిమి. ఈపో పేరాక్ రాష్ట్రమునకు రాజధాని. చుట్టును సున్నపురాతి గుట్టలు, వాని నడుమ కింటా లోయ. ఒకప్పుడు ఈ లోయలో తగరమును విస్తారముగ త్రవ్వుచుండిరి. ఆ గనులలో పనికై చీనాదేశమునుండి వేలకొలది జనులు వచ్చిరి. 1985లో తగరపు ధర కూలిన పిదప గనులు చాలవఱకు మూతబడినవి. ఆ గనివారి యాకలి దీర్చిన కాఫీ అంగళ్లు మాత్రము నిలిచినవి. అట్టి యంగడిని అచ్చట "కోపితియాం" అందురు. కోపి యనగా మలయు భాషలో కాఫీ. తియాం అనగా చీనావారి హొక్కియన్ మాండలికమున అంగడి. రెండు భాషలు కలిసి యొక మాటయైనట్లే పెక్కు జాతుల వంటలు అచ్చట నొక కప్పు క్రింద చేరినవి.

ఆ యంగడి యెట్లుండునో చెప్పెదము. వీధిమూలనున్న రెండంతస్తుల పాతయిల్లు. క్రింద అంగడి, పైన కాపురము. తెల్లవారుజామున ముందరి తలుపులు పూర్తిగ మడిచివేయుటచే అంగడికి వీధికి నడుమ అడ్డు లేదు. ఎత్తైన కప్పునుండి పంకాలు మెల్లగ తిరుగుచుండును. నేలమీద రంగురంగుల పలకలు, గుండ్రని చలువరాతి బల్లలు, వంచిన కఱ్ఱతో చేసిన తేలిక కుర్చీలు. హైదరాబాదునందలి ఇరానీ హోటళ్లను ఎఱిగినవారికి ఆ బల్లలను కుర్చీలను చూడగనే స్వదేశము జ్ఞప్తికి వచ్చును.

కాఫీగింజలను వారు మనవలె వట్టిగ వేయింపరు. చక్కెరయు, వెన్నవంటి మార్గరీనును చేర్చి నల్లబడు నంతవఱకు వేయింతురు. చక్కెర కరిగి గింజకు పట్టుటచే కాఫీకి ముదురుపాకపు వాసన గలుగును. ఈపోవారు మాత్రము చక్కెర చేర్పక మార్గరీనుతోనే వేయించి దానిని తెల్లకాఫీ యందురు. ఆ పట్టణమునకు దానివలన దేశమంతట పేరు గలదు. పొడిని మేజోడువంటి పొడవైన గుడ్డసంచిలో నుంచి, సన్నని కొమ్ముగల పాత్రతో మరుగునీరు పోయుదురు. మన ఫిల్టరులో డికాక్షను చుక్కచుక్కగ దిగువఱకు ఇల్లాలు కాచుకొనియుండవలెను. ఆ సంచిలో అది నిమిషములలో దిగును. దళసరి పింగాణి కప్పు అడుగున డబ్బాలోని చిక్కని తీపిపాలు వేసి, దానిపై కాఫీ పోసి, చెంచాతో సహా మన ముందుంచుదురు.

అడుగుటలో నొక పద్ధతి గలదు. "కోపి" అన్నచో తీపిపాల కాఫీ వచ్చును. "కోపి ఓ" అన్నచో పాలు లేక చక్కెరతో వచ్చును. దానికి "కోసోంగ్" అని చేర్చినచో చక్కెరయు నుండదు. "పెంగ్" అని చేర్చినచో మంచుగడ్డలు వేయుదురు. మొదటినాడు మా ఆడబిడ్డ "వదినా, నీకేది చెప్పమందువు?" అని యడుగగా మేము ఈ మాటలన్నియు ఒకమారు విని, తెలిసిన రుచియే మేలని తీపిపాల కాఫీ చెప్పించుకొంటిమి. ప్రక్కబల్లవద్ద వృద్ధుడొకడు కాఫీని సాసరులో పోసికొని, ఊది చల్లార్చి త్రాగుచుండెను. అది చూచి మా వారు తమ తాతగారిని తలచుకొనిరి.

ఇక ఫలహారము. రొట్టెముక్కలను బొగ్గుకుంపటిపై కాల్చి, నడుమ చల్లని వెన్నబిళ్లయు "కాయా" యను తీపిపూతయు నుంతురు. కాయా యనగా కొబ్బరిపాలు, కోడిగ్రుడ్లు, చక్కెర కలిపి, "పాందాన్" అను సువాసనగల యాకు వేసి, సన్నని సెగపై విడువక కలుపుచు చిక్కబఱచిన పాకము. మన కొబ్బరికోరు పాకమునకు అది దూరపు చుట్టమువలె నుండును. దానితోడ సగముడికిన గ్రుడ్లు రెండు. వానిని మరుగునీటిలో వేసి మూతబెట్టి, ఆఱేడు నిమిషములకు తీసి, సాసరులో పగులగొట్టి, సోయా పులుసును తెల్లమిరియపు పొడిని చల్లికొని తిందురు. ఆ గ్రుడ్లు మాకు మొదట రుచింపలేదు, మూడవనాటికి అలవాటైనవి. ఈ ఫలహారమున మేము గమనించిన విశేష మొకటి గలదు. తినువాడు కూర్చున్నంతసేపు పొయ్యికడ మఱియొకరు నిలిచియుండవలసిన వంట యిందు లేదు. రొట్టె యొక్కమారు కాలును. గ్రుడ్డు తనంత తానే నీటిలో నుడుకును. ఈ మాటకు కడపట మరల వత్తుము.

అంగడి యజమాని సాధారణముగ కాఫీ, తేనీరు, రొట్టె మాత్రమే యమ్మును. లోపల గోడవెంబడి చిన్నచిన్న వంటబండ్లుండును. వానిని నడుపువారు యజమానికి అద్దె చెల్లించి యొకరు నూడుల్సును, ఒకరు బియ్యపుగంజిని, ఒకరు "నాసి లెమాక్" అను కొబ్బరిపాల యన్నమును అమ్ముదురు. బండివద్ద కావలసినది చెప్పి మన బల్లను చూపినచో వంటకము బల్లకడకే వచ్చును. ఎవరి సొమ్ము వారికీయవలెను. బల్లలన్నియు నిండియున్నచో పరాయివారి బల్లవద్దనే తలయూచి యనుమతి గొని కూర్చుండవచ్చును. ఎవరును ఎవరిని "మీ రెవరు, ఏ యూరు" అని యడుగరు.

ఈ యంగళ్లు పుట్టిన కథయు తెలియదగినదే. చీనాకు దక్షిణమున హైనాన్ అను పెద్దద్వీప మున్నది. ఆ ద్వీపవాసులు మలయాకు తక్కిన చీనావారికంటె ఆలసించి వచ్చిరి. అప్పటికే వర్తకములు, గనులు ముందువచ్చినవారి చేతులలో నుండెను. కావున వీరిలో ననేకులు ఆంగ్లేయుల యిండ్లలోను, క్లబ్బులలోను, ఓడలలోను వంటవాండ్రుగ చేరిరి. రొట్టె కాల్చుటయు కాఫీ కాచుటయు అచ్చట నేర్చి, కూడబెట్టిన సొమ్ముతో చిన్న యంగళ్లు పెట్టుకొనిరి. కౌలాలంపూరునందలి "యుత్ కీ" 1928లో మొదలైనది. జొహోర్ రాష్ట్రపు క్లువాంగ్ రైలుస్టేషనులోని కాఫీ అంగడి 1938లో మొదలైనది. దొరగారి బల్లమీది రొట్టెయు వెన్నయు ఈ విధముగ కూలివాని బల్లకు దిగివచ్చినవి.

ఆ కూలివాడు ఒంటరివాడు. భార్యను, తల్లిని స్వగ్రామమున విడిచి వచ్చినవాడు. అద్దెగదిలో నలుగురితో పండుకొని, పొయ్యి లేక, తెల్లవాఱగనే అంగడికి వచ్చి రెండు కాసులకు కడుపు నింపుకొనెడివాడు. 1933లో వచ్చిన విదేశీయుల చట్టము మలయాకు వచ్చు చీనాపురుషుల సంఖ్యకు మితి విధించెను. స్త్రీలకు 1938 వఱకు ఆ మితి లేకపోవుటచే ఆ యేండ్లలో స్త్రీలు ఎక్కువగ వచ్చిరి, కాపురములు పెరిగినవి. తొలుత ఇల్లులేని మగవారికై పుట్టిన చోటు గనుక అది మగవారిదిగానే చాలకాలముండెను. నేడు మేము చూచిన దృశ్యము వేఱు. కార్యాలయమునకు పోవు యువతి యొంటరిగ కూర్చుండి రొట్టె తినుచుండును. నలుగురు ముసలమ్మలు ఒక బల్లచుట్టును జేరి కాఫీ ముగిసిన పిదపయు అరగంట మాటలాడుచుందురు. తల్లి తన బిడ్డకు గ్రుడ్డు తినిపించుచు తన పళ్లెరమును వేడిగానే ముగించును. ఎవరును వారివంక వింతగ చూడరు.

ఇది స్వర్గమని మేము చెప్పుటలేదు. కాఫీ కాచువారిలోను గిన్నెలు తోమువారిలోను ఆడువారు గలరు. వారి యుదయము వేఱు. జాతులన్నియు ఒక బల్లవద్ద నెల్లప్పుడు కూర్చుందురనుటయు సత్యదూరము. చీనావారి యంగళ్లలో పందిమాంసము వండుటచే మహమ్మదీయులు పెక్కండ్రు అచ్చట తినరు. వారు మలయువారి యంగళ్లకును, దక్షిణ భారతమునుండి వెళ్లిన తమిళ మహమ్మదీయుల "మామాక్" అంగళ్లకును పోదురు. అచ్చట మన పరోటాకు తోబుట్టువైన "రోటి చనాయ్" పప్పుపులుసుతో దొరకును. తేనీటిని ఒక గ్లాసునుండి మఱియొక గ్లాసులోనికి బారెడెత్తునుండి పోసి నురుగు దేల్చుదురు. ఏ యంగడియైనను ఉదయమున బయట కూర్చుండి తినుట మాత్రము ఆ దేశమున అందఱికి నున్న యలవాటు. ఆ బహుజాతుల ఉదయపు ఫలహారపు టాచారమును 2024లో యునెస్కో సంస్థ మానవాళి సాంస్కృతిక వారసత్వపు పట్టికలో జేర్చినది.

తెలుగువారికి ఆ దేశముతో పాత చుట్టఱిక మున్నది. విశాఖపట్టణము, శ్రీకాకుళము, గోదావరి ప్రాంతములనుండి మనవారు రబ్బరుతోటలకును కొబ్బరితోటలకును కూలికి వెళ్లిరి. పేరాక్ రాష్ట్రములోని బాగన్ దాతు ప్రాంతపు కొబ్బరితోటలలో తెలుగు కుటుంబములు తరతరములుగ నిలిచినవి. 1955లో అచ్చటివారు ఆంధ్రసంఘమును స్థాపించుకొనిరి. అదియే నేటి మలేషియా తెలుగు సంఘము. 1981లో రెండవ ప్రపంచ తెలుగు మహాసభలు కౌలాలంపూరునందే జరిగినవి. కూలికి పోయినవారిని బంధించిన ఒప్పందపు పద్ధతి 1910లో ముగిసినది. దాని వెనుక "కంగాణి" పద్ధతి సాగి 1938లో నిలిచినది. కంగాణి తన యూరికి వచ్చి, ముందుగ కొంత సొమ్మిచ్చి, బంధుజనమును కూడగట్టి సముద్రము దాటించెడివాడు. మా పాలమూరు సోదరీమణులకు ఆ మాట క్రొత్తదైనను ఆ మనుష్యుడు క్రొత్తవాడు కాడు. ముందుసొమ్ము చేతబెట్టి మన జనమును దూరదూరపు ఆనకట్టలకు, కాలువలకు కొనిపోయిన గుంపు మేస్త్రీని ఎఱుగని పల్లె మా ప్రాంతమున నేది?

రబ్బరుతోటలో ప్రొద్దు పొడువకముందే పని మొదలగును. చల్లని వేళనే చెట్టునుండి పాలు బాగుగ కారును గనుక ఆడువారును మగవారును చీకటిలోనే తోటలో నుండవలెను. దానికిముందు వంట ముగియవలెను. ఆ వంట యెవరిదో చెప్పనక్కఱలేదు.

ఈపోలో మేము తెలుగున మాటలాడుకొనుచుండగా విని ఒక వృద్ధురాలు మా బల్లకడకు వచ్చి కూర్చుండెను. ఆమె పుట్టినదే ఆ దేశమున. మాట మాత్రము మన యుత్తరాంధ్రపు మాట. "మాయమ్మ కొబ్బరితోటలో పనిసేసింది తల్లీ. సీకటితో లేచి అందరికీ వండి, తను నిలబడే ఇంత గంజి తాగి పనికెల్లిపోయేది. పెళ్లయినాక నేనూ అలాగే తాగాను. ఇప్పుడు రోజూ ఇక్కడికొచ్చి కూకుని తాగుతున్నాను. ఈ గంట నాది" అని పలికినది. ఆమె కాఫీ సొమ్ము మేమిచ్చెదమనగా ఒప్పుకొనలేదు. "నా కాఫీ నేనే కొనుక్కోవాల" అని చిల్లర లెక్కపెట్టి బల్లపై నుంచినది.

మన దేశమున ఇట్టి చోటులు లేకపోలేదు. పారశీక దేశమునుండి వచ్చినవారు హైదరాబాదు మూలమలుపులలో ఇరానీ హోటళ్లు పెట్టిరి. అచ్చటను ఆలస్యముగ వచ్చిన పరాయివారే ఊరందఱికి తేనీరు పోసిరి. ఉస్మానియా బిస్కత్తు చేత బట్టుకొని ధనికుడును, రిక్షావాడును ఒక చలువరాతి బల్లవద్ద కూర్చుండిరి. కాని ఆ బల్లలు మగవారివి. కుటుంబములతో వచ్చినవారికి తెరలు వ్రేలాడు గదులుండెడివి. ఒంటరిగ వచ్చిన స్త్రీకి చోటు లేదు.

మా కొత్తకోట హైదరాబాదునుండి కర్నూలుకు పోవు 44వ జాతీయ రహదారిపై నున్నది. వనపర్తికి పోవువారు ఇచ్చటనే మలుపు తిరుగుదురు. కావున మా యూర తెల్లవారుజామునుండి ఇడ్లీ, వడ, పూరీ, దోసెలకు కొఱత లేదు. బస్సులు ఆగును, మగవారు దిగి పొగలు గ్రక్కు పళ్లెరములు చేతబట్టుకొందురు. వెంటనున్న యాడువారిలో పెక్కండ్రు కిటికీనుండి "ఒక పార్సిలు తెండి" అందురు. ఆ పొట్లము విప్పునప్పటికి పూరీ చల్లబడి తోలువలె సాగును. మా వీధిమొగమున దోసెలబండి నడుపు నామె గలదు. నాలుగుగంటలకు లేచి పిండి రుబ్బి, ఆఱుగంటలకు పెనము వేడిచేసి, వందల దోసెలు పోయును. ఆమె తినునది పదకొండుగంటలకు, మిగిలిన పిండితో. "ముందుగ నొకటి తినరాదా?" అని మే మడిగితిమి. "బోణీ కాకముందు నేనెట్ల తింట అక్కా?" అని నవ్వినది. ఊరికి తొలిముద్ద పెట్టునామెకు కడపటి ముద్ద.

చిన్ననాట మా తాతగారు మాకు పోతనామాత్యుని భాగవతము చెప్పిరి. దశమస్కంధమున శ్రీకృష్ణుడు యమునయొడ్డున గోపబాలురతో చల్దులారగించు ఘట్టము మాకు కంఠస్థము. ఎవరి చిక్కమునుండి వారు చల్ది తీసి, రుచి చూచి, ఒకరిదొకరు పంచుకొని నవ్వుచు తిందురు. పరమాత్ముడే ఆ యెంగిలి పంక్తిలో కూర్చున్నాడని తాతగారు చెప్పునప్పుడు వారి కన్నులు చెమర్చెడివి. నేడు ముగ్గురి యాకలి చూడవలసిన తల్లిగ మే మా ఘట్టమును తలచినప్పుడు, ఆ చిక్కములను కట్టియిచ్చిన తల్లులు గుర్తునకు వత్తురు. ఆ యమునయొడ్డున బాలురే గాని తల్లులు లేరు.

భారతమునందలి యక్షయపాత్ర కథయు సోదరీమణు లెఱుగుదురు. సూర్యుని వరమున ఆ పాత్రలోని యన్నము ద్రౌపది తినువఱకు తఱుగదు. ఆమె తినిన పిదప ఆ దినమున కిక లేదు. కావున ఆమె యందఱికి వడ్డించి కడపట తినెను. దుర్వాసుడు శిష్యసమేతుడై వచ్చినది ఆమె తినిన పిదపనే గనుక అంత కలవరము గలిగినది. ఇల్లాలు కడపట తినుట ధర్మమని చెప్పువారు ఈ కథను సాక్ష్యముగ దెత్తురు. వారితో మాకు వాదములేదు. అక్షయపాత్ర యున్న యింట కడపట తినినను కడుపునిండ దొరకును. మన యిండ్ల గిన్నెలు అక్షయములు కావు. అందఱు తినిన పిదప వానిలో మిగులునది గీకిన యడుగు, విఱిగిన దోసె, చల్లారిన కాఫీ.

ఇది మాటవరుసకు చెప్పిన దుఃఖము గాదు. 2019–21 నడుమ జరిగిన జాతీయ కుటుంబారోగ్య సర్వేలో మన తెలంగాణమున 15 మొదలు 49 ఏండ్ల వయస్సుగల స్త్రీలలో నూటికి 57 మందికి పైగా రక్తము తక్కువ యున్నట్లు తేలినది. రక్తలేమికి కారణములు పెక్కులున్నవి. మిగిలినది తినుటయు, తినక కాఫీతో సరిపెట్టుకొనుటయు వానిలోనివే. వైద్యులు చెప్పు మఱియొక మాట గుర్తుంచుకొనదగినది. కాఫీయు తేనీరును తిండితోబాటు త్రాగినచో ఆ తిండిలోని యినుము ఒంటికి సరిగ పట్టదు. ఫలహారమునకును కాఫీకిని ఒక గంట యెడముంచుట మేలు. ఆకుకూరలు, పప్పులు తినునప్పుడు నిమ్మరసము పిండుకొన్నచో ఇనుము బాగుగ పట్టును. ఈ విషయమున మాత్రము కోపితియాం పద్ధతి మనకు ఆదర్శము గాదు.

మఱి యేమి చేయవలెను? ప్రతి యుదయము హోటలునకు పోవుడని మేము చెప్పబోము. ఉపాధ్యాయుని జీతముపై బ్రదుకు మాకు దాని ఖర్చు తెలియును. ఆ యంగడినుండి మనము తెచ్చుకొనదగినది రొట్టెయు కాయాయు గాదు. ఒకేమారు దింపి, అందఱు కూర్చుండి తిను పద్ధతి. దోసె, పూరీ, చపాతి, జొన్నరొట్టె — ఇవి యొకటొకటిగ వేడివేడిగ వడ్డింపవలసినవి. వీనిని చేయునామె తాను వేడిగ తినదు. ఇడ్లీ, ఉప్మా, కిచిడీ, పులిహోర — ఇవి యొక్కమారు దించినచో వంట ముగిసినట్లే. వారమున ఏడుదినములు దోసెలు మానుటకు పిల్ల లొప్పుకొనరు. రెండుదినములైనను ఇల్లాలు పళ్లెరము ముందు కూర్చుండదగిన వంటను ఏర్పఱచుకొనవలెను.

అట్టివానిలో నొకటి ఆ దేశపు కొబ్బరిపాల యన్నము. మా వనపర్తి ప్రాంతమున వేరుసెనగ విరివిగ పండును గనుక అది మనకు పరాయిది గాదు. రెండుగ్లాసుల బియ్యము కడిగి, ఒక గ్లాసు చిక్కని కొబ్బరిపాలు, మూడుగ్లాసుల నీరు, తగినంత ఉప్పు, చిదిపిన అల్లపుముక్క చేర్చి కుక్కరులో నుడికింపవలెను. పాందాన్ ఆకు దొరకినచో ముడివేసి వేయవచ్చును. లేకున్నను లోపము లేదు. ముందటి రాత్రియే పచ్చడి చేసి యుంచుకొనవలెను: ఆఱేడు ఎండుమిరపకాయలు నానబెట్టి, రెండు ఉల్లిపాయలు, నాలుగు వెల్లుల్లి రెబ్బలతో నూరి, నూనెలో పచ్చివాసన పోవువఱకు మగ్గించి, కొంచెము చింతపండు పులుసును బెల్లమును చేర్చి దింపవలెను. అచ్చటివారు ఇందు చిన్న యెండుచేపలు వేయుదురు, తిననివారు మానవచ్చును. అన్నముతోడ ఈ పచ్చడి, వేయించిన పల్లీలు, కీరదోస ముక్కలు, ఇష్టమైనవారికి ఉడికించిన గ్రుడ్డు. కుక్కరు ఉడుకుచుండగా పిల్లలు పళ్లెరములును మంచినీళ్లును పెట్టవచ్చును. యజమానులు కీరదోస తఱుగుటకు శాస్త్రనిషేధ మేమియు మాకు కానరాలేదు. మా వారును వెదకి చూచి లేదనిరి.

మా యింట ఆదివారమున ఇట్లు జరుగుచున్నది. మొదటి వారము మా అత్తగారు మాతో కూర్చుండుటకు ఒప్పుకొనలేదు. రెండవ వారము మనుమరాలు చేయిపట్టి కూర్చుండబెట్టినది. నాలుగు ముద్దలు తినులోపల ఆమె మూడుమార్లు వంటయింటివైపు చూచిరి. "నలభై ఏండ్ల సంది పొయ్యికాడనే తిన్న బిడ్డా. ఇట్ల కూసుంటే పొయ్యిమీద ఏమన్న మాడుతున్నదేమో అనిపిస్తున్నది" అనిరి. పొయ్యిమీద నేమియు లేదు. పొయ్యి ఆర్పి చాలసేపైనది. ఆ మాట విని మా వారు తల వంచుకొని తినిరి. మఱునాటినుండి వారమున మూడుదినములు ఉదయపు వడ్డన తమదని చెప్పిరి, చేయుచున్నారు.

కొందఱు సోదరీమణులు "మా యింట ఇది సాగదు" అందురు. సాగని యిండ్లు గలవని మేమెఱుగుదుము. అట్టివారు ఒక చిన్న పని చేయవచ్చును. అందఱికి వడ్డింపకముందే తమ వంతు వేఱొక గిన్నెలో తీసి మూతబెట్టి యుంచుకొనవలెను. అడిగినవారికి "ఇది నాది" అని చెప్పవలెను. ఆ రెండుమాటలు చెప్పుటకు మొదట నాలుక తడబడును, నాలుగుదినములలో అలవడును. ఆడపిల్లలున్న యింట ఇది మఱింత యవసరము. తల్లి యెప్పుడు తినునో, యెట్లు తినునో చూచియే కూతురు నేర్చుకొనును.

ఈ మాసమున సోదరీమణులను మేమొకటి యడుగుచున్నాము. మీ యింట ఉదయమున ఒక్కమారు దింపి యందఱు కూర్చుండి తినదగిన వంట లేవి? చేయు విధమును, పట్టు వేళను వ్రాసి పంపుడు. రాబోవు మాసమున వానిలో మేలైనవానిని ఈ శీర్షికలో ప్రకటింతుము. జాబుతోబాటు మీరు ఆ వంటను ఏ గంటకు తినిరో కూడ వ్రాయ మఱవకుడు.